పాకాల పక్క మామిడితోపులో అసీల్ కోళ్లు: పుంజు కోసం వెళ్లేవాళ్లు ముందు పెట్టను చూడండి

తిరుపతి దగ్గరి పాకాల నుంచి దామలచెరువు వైపు పోయే దారిలో ఒక మామిడితోపు లోపల అసీల్ కోళ్లు పెంచే అన్న ఒకాయన ఉన్నాడు. అసీల్ అంటే పందెంకోడి జాతి, ఇవి అందులో చిలకముక్కు, పొడుగు తోక రకం. మన పక్కనే తమిళనాడులో కిళిమూక్కు విసిరివాల్ అంటారు కదా, ఆ రకమే. ఆయన దగ్గర తెచ్చిన పిల్లలు నా దగ్గర పెరిగి పెద్దవై, కొన్ని అందాల పోటీలకు (పందేలకు కాదు) కూడా పోయి వచ్చాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. పిల్లలు తెచ్చిన వారంలోనే రాసే రివ్యూకు ఈ విషయంలో అసలు విలువ లేదు, ఎందుకంటే అసీల్ చాలా నిదానంగా ఎదిగే జాతి, పుంజుకు మెడ నిండి, ఛాతీ విచ్చుకుని, తోక పూర్తిగా దిగడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది, నెల పిల్లను చూసి ఇది పోటీకి పనికొస్తుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తున్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

పేరు, నంబరు రాయొద్దని ఆయనే అడిగాడు. ఇప్పటికే ఫోన్లు ఎక్కువై కోళ్లకు మేత వేసే టైంలో కూడా మాట్లాడాల్సి వస్తోందట. పాకాలలో దాణా కొట్ల దగ్గర అడిగితే దారి చెబుతారు.

ఇంకో విషయం ముందే చెప్పేస్తాను. పందేలకు కోడి కావాలంటే ఇక్కడికి రాకండి. కత్తి కట్టేవాళ్లకు ఆయన అమ్మడు, సంక్రాంతి ముందు ఎంత ఇస్తామన్నా అమ్మడు. కోళ్లను పోట్లాటకు దించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం, డబ్బులు కాస్తే రాష్ట్ర గేమింగ్ చట్టం, 1974 కూడా వర్తిస్తుంది. అదంతా అందరికీ తెలిసిందే, అయినా జనవరి వస్తే ఎన్ని తోపుల్లో ఏం జరుగుతుందో కూడా అందరికీ తెలుసు. ఆయన డిసెంబరు నుంచి పండగ అయ్యేదాకా పెద్ద పుంజులను అమ్మకానికే పెట్టడు. ఏడాదిలో బాగా రేటు పలికే నెల అదే. ఆ ఒక్క కారణానికే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

అసలు విషయానికొస్తాను. ఏ ఫారంకు పోయినా మనకు ముందు చూపించేది పుంజునే. ఎత్తుగా, మెడ నిలబెట్టి, తోక నేలకు తాకుతా ఉంటే మనం కూడా ఫోన్ తీసి వీడియోలు తీసుకుంటాం, అడ్వాన్సు ఇచ్చేస్తాం. ఇక్కడ ఆ అన్న నేరుగా పెట్టల దొడ్డి దగ్గరికి తీసుకుపోతాడు. నేను పుంజులేవి అని అడిగితే, "ఉండు సామీ, పుంజు యాడికీ పోదు. నువ్వు కొనేది పుంజు పిల్లలు మాత్రమే గాదు గదా, ఈ పెట్ట పిల్లలు గూడా గదా. దీని ముక్కు జూడు, దీని కాళ్లు జూడు, ఆ తర్వాత పుంజును జూద్దువు" అన్నాడు. అది ఊరికే అన్న మాట కాదు. పిల్లకు సగం గుణాలు పెట్ట నుంచే వస్తాయి. కానీ పెట్టలో తోక పొడుగు అంతగా కనపడదు, మెడ ఈకల మెరుపు ఉండదు, అందుకని ఎవరూ పట్టించుకోరు. మంచి పుంజుకు ఏదో ఒక నాటు పెట్టను కట్టి, ఆ పిల్లలను కూడా పుంజు పేరు చెప్పి అమ్మేవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. అలాంటి పిల్లలు మూడు నెలల దాకా బాగానే ఉంటాయి, తర్వాత ముక్కు సాగుతుంది, తల మీది ఎర్ర తురాయి పెరిగి పైకి లేస్తుంది, అప్పుడు తెలుస్తుంది. నాకు ఆన్‌లైన్‌లో వీడియో చూపించి పిల్లలు పంపిన ఒకాయన దగ్గర సరిగ్గా ఇదే జరిగింది, తల్లి కోడి ఫోటో పంపమని అడిగితే ఈ రోజు, రేపు అంటూ చివరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. పాకాల అన్న దగ్గర ఆ బాధ లేదు, తల్లిని చేతికే ఇస్తాడు.

ఆయన పెట్టలో చూసేవి ఇవి. ముక్కు పొట్టిగా, లావుగా, కిందికి వంగి ఉండాలి. తల చిన్నది కాకూడదు, కనుబొమ ఎముక కొంచెం ముందుకు రావాలి, కన్ను తెల్లగా ముత్యం మాదిరి ఉంటే ఇంకా మంచిది. తురాయి తలకు అతుక్కుని మూడు వరసలుగా చిన్నగా ఉండాలి. అసీల్‌కు గుర్తే అది, ఒంటిరెక్క తురాయి కనిపిస్తే వేరే రక్తం కలిసిందనే అర్థం. ఈక గట్టిగా, ఒంటికి అంటి, ఛాతీ దగ్గర పలచగా ఉండాలి. తర్వాత ఆయన పెట్టను తిప్పి పట్టుకుని రొమ్ము ఎముక మీద వేలు పెట్టి చూపిస్తాడు, అది తిన్నగా ఉందో, వంకరగా ఉందో. వంకరైతే ఎంత అందంగా ఉన్నా ఆ పెట్ట గుడ్లు పొదగడానికి వాడడు. కాలి వేళ్లు కూడా అంతే, ఒక్క వేలు పక్కకు తిరిగినా పక్కన పెట్టేస్తాడు. పక్కన పెట్టినవి కూరకు అమ్మేస్తాడు, జాతికోడి పేరుతో అమ్మడు. ఫారంలో ఏం పెంచుతున్నారనేదాని కన్నా ఏం పక్కన పెడుతున్నారనేది నాకు ముఖ్యంగా అనిపిస్తుంది, ఇక్కడ కూరకు పోయే దొడ్డి బాగా పెద్దగానే ఉంది, అది చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

కట్టు విషయంలో, అంటే ఏ పుంజుకు ఏ పెట్టను జత చేయాలనే దాంట్లో, ఆయన పద్ధతి చూసి నేర్చుకోవాలి. కోళ్లను మూడు కుటుంబాలుగా విడివిడిగా ఉంచుతాడు, ఒక కుటుంబంలో పుట్టిన పుంజును పక్క కుటుంబం పెట్టలకు వేస్తాడు, సొంత అక్కచెల్లెళ్ల మీదికి వదలడు. దగ్గరి రక్తం కలిపితే రూపం తొందరగా స్థిరపడుతుందని చాలామంది తండ్రికీ కూతురికీ కట్టేస్తుంటారు, ఒకటి రెండు తరాలు బాగానే వస్తాయి, ఆ తర్వాత గుడ్లు పిల్లలవడం తగ్గిపోతుంది, పుట్టినవి కూడా నీరసంగా ఉంటాయి. ఒక్కో పుంజుకు నాలుగైదు పెట్టలకు మించి ఇవ్వడు, బరువైన జాతి కాబట్టి అంతకన్నా ఎక్కువైతే గుడ్లన్నిటికీ బీజం పడదు. పుంజు కాలి ముల్లు కోసి నున్నగా అరగదీస్తాడు, పెట్ట వీపు చీరుకుపోకుండా. అన్నిటికన్నా నాకు నచ్చింది, పుంజును మార్చినప్పుడు మూడు వారాలు ఆ పెట్టల గుడ్లు పొదగడానికి తీసుకోడు. పెట్ట ఒంట్లో పాత పుంజు బీజం రెండు మూడు వారాల దాకా నిలిచే ఉంటుంది, ఈలోగా పెట్టిన గుడ్డు ఎవరిదో చెప్పలేం. ఈ సంగతి తెలియకుండా పుంజును మార్చిన వారానికే గుడ్లు ఎత్తి, ఇది ఫలానా పుంజు పిల్ల అని అమ్మేవాళ్లు ఎంతమందో. అసీల్ పెట్ట అసలే ఏడాదికి నాలుగు పదుల లోపే గుడ్లు పెడుతుంది, అందులో మూడు వారాలవి వదులుకోవడం అంటే డబ్బు వదులుకోవడమే.

పిల్ల పుట్టిన రోజే కాలి వేళ్ల మధ్య పొరకు సన్నటి చిల్లు వేస్తాడు, ఏ కుటుంబానికి ఏ వేళ్ల మధ్య అనేది నోటుబుక్కులో ఉంటుంది. పెద్దయ్యాక కాలికి రింగు. మీరు పిల్లను ఎంచుకుంటే ఆ పేజీ ఫోటో తీసుకోనిస్తాడు. ఆ పేజీ ఉంటే రేపు మీరు సొంతంగా కట్టు వేసుకునేటప్పుడు దేనికి దేన్ని వేయాలో తెలుస్తుంది. ఒక్క జత తెచ్చుకుని దాంతోనే మంద పెంచుదామనుకునేవాళ్లకు ఆయన చెప్పేది కూడా అదే, అన్నాచెల్లెలిని ఇచ్చి పంపను, ఈ కుటుంబం పుంజు, ఆ కుటుంబం పెట్ట తీసుకో అంటాడు.

పొదిగించడం ఎక్కువగా కోడి కిందే. ఇంక్యుబేటర్ ఉంది గానీ ఎండాకాలం పొదుగు కోడి దొరకనప్పుడే వాడతాడు. మిషన్ వద్దని కాదు, 37.5 డిగ్రీలు, సరైన తేమ, రోజూ గుడ్లు తిప్పడం, పద్దెనిమిదో రోజు నుంచి తిప్పడం ఆపడం, ఇవన్నీ సరిగ్గా ఉంటే ఇరవై ఒకటో రోజుకు అక్కడా పిల్లలొస్తాయి. ఆయన వాదన వేరే. అసీల్ పెట్ట పట్టుదలగా పొదుగుతుంది, పిల్లల మీదికి ముంగిస వచ్చినా ఎదురు తిరుగుతుంది, ఆ గుణం కూడా ఈ జాతిదే. ఎప్పుడూ మిషన్‌లోనే పొదిగిస్తే ఏ పెట్ట మంచి తల్లో, ఏది గుడ్లు వదిలేసి లేచిపోతుందో మనకు తెలియదు, కొన్ని తరాలకు ఆ గుణం పలచబడిపోతుంది. ఇది విన్నాక నేను కూడా ఒప్పుకున్నాను. మనం ముక్కు, తోక అంటూ పోటీలో మార్కులు పడేవాటినే చూసుకుంటూ పోతే మార్కులు లేని గుణాలు మన చేతుల్లోనే పోతాయి.

పోటీల విషయం కొంచెం. నేను చూసినంతవరకు జడ్జీలు ముందు దూరం నుంచి నిలబడే తీరు చూస్తారు, తర్వాత చేతిలోకి తీసుకుని ముక్కు, కన్ను, మెడ పొడుగు, కాళ్లు, తోక, ఈకల ఆరోగ్యం చూస్తారు. కొత్త మనుషులు పట్టుకుంటే గింజుకునే పుంజు ఎంత అందమైనదైనా అక్కడ తన రూపం చూపించలేదు. ఈ అన్న పుంజులను ఆరేడు నెలల వయసు నుంచే రోజూ చేతికి అలవాటు చేస్తాడు, బోనులో నిలబెడతాడు, అందువల్ల ఆయన దగ్గర పెద్ద పుంజు కొన్నవాళ్లకు ఆ పని సగం తప్పుతుంది. తోక కాపాడటానికి గూటికర్రను నడుమెత్తు దాకా పెట్టి కింద పొడి ఇసుక పోస్తాడు, బురదలో ఈడిస్తే ఆ తోక ఇంక పనికి రాదు. ఏడాదికి ఒకసారి ఈక రాల్చే కాలంలో పోటీకి తీసుకుపోవద్దని గట్టిగా చెబుతాడు, కొత్త ఈక వచ్చేటప్పుడు మాంసకృత్తులు ఎక్కువ కావాలి, అప్పుడు ఉడికించిన గుడ్డు, ఎండు చేపలు, వేరుశనగ చెక్క కొంచెం కొంచెం పెడతాడు. పోటీకి ముందు స్నానం, కాళ్లకు కొబ్బరినూనె, అంతే. రంగులు పూయడం, ఈక అంటించడం లాంటి పనులు చేసేవాళ్లు ఉన్నారు, ఆయనకు ఆ మాటెత్తితేనే కోపం.

రంగుల్లో డేగ, కాకి, నెమలి ఎక్కువ ఉన్నాయి, సేతు తక్కువ, మైల అప్పుడప్పుడు. రంగు కోసం రేటు పెంచడు.

ఇక పిల్లల సంగతి. నెల దాటాకే ఇస్తాడు. నేను తీసుకున్నప్పుడు నెల పిల్లల జత రెండు వేలు, పెద్ద పెట్టలకు, పుంజులకు చూసి మాట్లాడుకోవాల్సిందే. రెండు వేలంటే నాటుకోడి పిల్లల రేటుతో పోల్చుకుని ఎక్కువ అనుకునేవాళ్లు ఉంటారు, కానీ ఆ నెలలో పిల్లకు ఏం జరిగిందో చూడండి. మొదటివారంలో కొక్కెర తెగులు (రాణిఖేత్) రాకుండా లసోటా చుక్కలు, రెండో వారం గంబోరో తెగులు టీకా, నాలుగో వారం మళ్లీ లసోటా, అన్నీ పూర్తయి తేదీలతో చీటీ చేతికి వస్తుంది. కొక్కెర తెగులు వస్తే మందు లేదు, టీకా ఒక్కటే దారి, అయినా మన పల్లెల్లో సగం మంది టీకా వేయరు, తెగులు వచ్చి దొడ్డి ఖాళీ అయ్యాక పశువుల డాక్టరు దగ్గరికి పరిగెడతారు. ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే వేసే ఆర్ టూ బీ టీకా, అంతకు ముందు ఆరో వారంలో అమ్మోరు (కోళ్ల మశూచి) టీకా మనమే వేయించుకోవాలి, అది కూడా చీటీ మీద రాసి ఇస్తాడు. పుట్టిన రోజు వేయాల్సిన మారెక్స్ అనే కోళ్ల జబ్బు టీకా మాత్రం ఆయన వేయడు, ఆ సీసా వెయ్యి పిల్లలకు సరిపడా వస్తుంది, కలిపితే గంట రెండు గంటల్లో వాడేయాలి, నలభై పిల్లల కోసం తెరవలేనంటాడు. నిజమే, కానీ పక్కనున్న హేచరీ వాళ్లతో మాట్లాడుకుంటే కుదురుతుందేమో, ప్రయత్నం చేయాలి.

మేత చాలా మామూలుగా ఉంది, నాకు అదే నచ్చింది. మొదట స్టార్టర్ దాణా, తర్వాత సజ్జలు, రాగులు, జొన్నలు, మునగాకు. తోపులో కుండలో పేడ, పాత గోనె ముక్క పెట్టి బోర్లించి చెదలు పట్టిస్తాడు, పొద్దున్నే వాటిని పిల్లలకు వేస్తాడు. మా అవ్వ వాళ్ల కాలం పద్ధతి. మేలో మన తిరుపతి ఎండకు నలభై దాటినప్పుడు మామిడి నీడే వాటికి ప్రాణం, పైగా తడి గోనెలు కడతాడు. అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. మనకు పెద్ద వానలన్నీ అప్పుడే కదా, షెడ్డు నేల మీద పరిచిన వరిపొట్టు తడిసిందంటే రక్త పారుడు మొదలవుతుంది. నేను ముసురు పట్టిన రోజుల్లో కూడా పోయి చూశాను, షెడ్డు నేల ఎత్తుగా ఉంది, పొట్టు పొడిగా ఉంది, వాసన లేదు.

నచ్చనివి కూడా రాయాలి. అన్నిటికన్నా పెద్దది, పోటీకి పోయి వచ్చిన పుంజులను ఆయన రెండు మూడు రోజులు మాత్రమే విడిగా పెట్టి మందలో కలిపేస్తున్నాడు. ఇంత జాగ్రత్త మనిషి ఇక్కడ ఎందుకు తొందరపడుతున్నాడో నాకు అర్థం కాలేదు. పోటీ అంటే నాలుగు జిల్లాల కోళ్లు, పక్క రాష్ట్రం కోళ్లు ఒకే పందిట్లో చేరే చోటు. కొక్కెర తెగులు లక్షణాలు బయటపడడానికి రెండు రోజులూ పట్టొచ్చు, పదిహేను రోజులూ పట్టొచ్చు, కాబట్టి కనీసం మూడు వారాలు వేరే దొడ్డిలో, వేరే మేతగిన్నెతో, చివర్లో మేత వేసే వరసలో పెట్టాలి. 2024 ఫిబ్రవరిలో మన పక్క నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎంతమంది ఎంత నష్టపోయారో చూశాం కదా. నేను చెప్పాను, షెడ్డు కడతానన్నాడు, ఈ మధ్య వెళ్లినప్పుడు కూడా కట్టలేదు. ఆయన కట్టేదాకా, అక్కడి నుంచి ఏ కోడిని తెచ్చినా మీ ఇంట్లో మూడు వారాలు విడిగా పెట్టండి, ఇది తప్పనిసరి.

రెండోది, పిల్ల చనిపోతే పాతిపెట్టి ఊరుకుంటాడు. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, 2005 నుంచి అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం, పాకాల నుంచి ఎంత దూరం? వరసగా పిల్లలు పోతున్నప్పుడు ఒకదాన్ని కోసి చూపిస్తే కారణం తెలుస్తుంది, మిగతావి దక్కుతాయి. అనుభవం మీద ఎంత నమ్మకమున్నా దీనికి అది చాలదు.

ఎదురు చూడాల్సి రావడం కొందరికి ఇబ్బంది. గుడ్లే తక్కువ, అందులో ఆయన ఏరివేత ఎక్కువ, కాబట్టి పేరు రాయించుకుని నెలలు ఆగాలి. దాన్ని నేను తప్పు కింద లెక్కపెట్టను.

ఒక మూల దొడ్డిలో కొన్ని గాగస్ కోళ్లు కూడా ఉన్నాయి, చాలామంది వాటిని మామూలు నాటుకోళ్లు అనుకుని చూడకుండానే వచ్చేస్తారు. గాగస్ ఆంధ్రా, కర్ణాటక జాతిగా కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించి నమోదు చేసిన కోడి, కోలారు వైపు, మన వైపు తిరిగిన కోడి. పుంగనూరు ఆవు గురించి దేశమంతా మాట్లాడుకుంటోంది, మంచిదే, మన కోడి గురించి మన జిల్లాలోనే మాట్లాడేవాళ్లు లేరు. వాటికి పోటీలు లేవు, పొడుగు తోక లేదు, కొనేవాళ్లు లేరు, అయినా ఆయన పెంచుతున్నాడు. "ఇయ్యి బోతే మళ్లా యాడ దెస్తాం సామీ" అన్నాడు. వీలున్నవాళ్లు అసీల్‌తో పాటు ఒక జత అవి కూడా అడిగి తీసుకోండి, నేను తెచ్చుకున్నాను, గుడ్ల విషయంలో అసీల్ కంటే నయంగానే ఉన్నాయి.

వెళ్లేవాళ్లు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి, పొద్దున మేత, గుడ్ల పని ఉంటుంది. మీ ఇంట్లో కోళ్లుంటే ఆ చెప్పులతో వెళ్లొద్దు, కడిగి వెళ్లండి. అట్టపెట్టెకు నాలుగు పక్కలా చిల్లులు వేసి, అడుగున పొట్టు పోసి మీరే తీసుకుపోండి, ఆయన దగ్గర దాణా సంచులు తప్ప వేరే ఉండవు. బస్సులో తెచ్చుకునేవాళ్లు ఎండ దిగాకే బయలుదేరండి, ఇంటికి రాగానే ముందు నీళ్లు పెట్టండి, మేత ఆ తర్వాత. పెద్ద పుంజు కావాలంటే సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరిలో అడగండి, అప్పుడు చూపిస్తాడు.